వానాకాలం ఎర్రమట్టి బురదకి 27.5 అంగుళాల ఎంటీబీ (మౌంటెన్ బైక్) టైర్లు ఏవి మంచివి?

గోస్తనీ_గట్టు

విజయనగరం నుంచి తాటిపూడి వైపు, అక్కడి నుంచి ఎస్.కోట (శృంగవరపుకోట) కొండల కిందుగా పోయే మట్టి బాటల్లో తొక్కుతుంటాను. ఎండాకాలం ఏ గొడవా లేదు. వానలు పడ్డాక మాత్రం రెండు సమస్యలు. ఎర్రమట్టి దిగుడులో ముందు చక్రం ఉన్నట్టుండి పక్కకి జారిపోతోంది, బ్రేకు పట్టకపోయినా సరే. పొలాల మధ్య బాటలోకి వచ్చేసరికి వెనక చక్రానికీ ఫ్రేముకీ మధ్య మట్టి కూరుకుపోయి చక్రం తిరగడమే మానేస్తోంది. మొన్న ఆదివారం సైకిల్‌ని తారు రోడ్డు దాకా భుజాన మోయాల్సి వచ్చింది.

అల్యూమినియం హార్డ్‌టెయిల్ (వెనక స్ప్రింగు లేనిది), 27.5 చక్రాలు, డిస్క్ బ్రేకులు. సైకిల్‌తో వచ్చిన 2.1 అంగుళాల వెడల్పు టైర్లే ఉన్నాయి. వాటి బుడిపెలు చిన్నవి, దగ్గరదగ్గరగా ఉంటాయి. షాపులో అడిగితే 2.6 వేసెయ్యండి, ఎంత వెడల్పుంటే అంత పట్టు అన్నారు. రెండు టైర్లకీ కలిపి ఎనిమిది వేల దాకా పెట్టగలను. ఏం కొనమంటారు? ట్యూబ్‌లెస్ చేయించాలా?

ఉద్దానం_రైడర్

షాపాయన చెప్పింది కరెక్టే. నేను 2.6 వాడుతున్నాను. గాలి తగ్గించి తొక్కితే జీడితోటల్లో ఎక్కడా దిగబడదు. వానైనా ఎండైనా ఒకటే.

బొబ్బిలి_చువ్వ

సైకిల్ మనల్ని మొయ్యాలి గానీ మనం సైకిల్ని మొయ్యడమేటి బావూ 😄

సరే, 2.6 కొనే ముందు అసలు మీ ఫ్రేములో పడుతుందో లేదో చూసుకోండి. 2.1తోనే మట్టి కూరుకుపోతోందంటే అక్కడ చోటే లేదని అర్థం. ఇంకా లావు టైరు వేస్తే ఏమవుతుంది?

పంపు_మాస్టారు

చువ్వ చెప్పిన మాట పట్టుకోండి. టైరు పక్కన 54-584 అని ఉంటుంది చూడండి. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది రిమ్ము కొలత. 27.5కి 584, 26కి 559, 29కి 622. కొనేటప్పుడు ఈ రెండో అంకె కలిస్తేనే తీసుకోవాలి.

2.6 టైరంటే దాదాపు 66 మిల్లీమీటర్లు. ఇప్పుడున్నదాని కంటే పన్నెండు ఎక్కువ, అంటే ఒక్కో పక్కా ఆరు మిల్లీమీటర్ల సందు పోతుంది. సైకిల్ తలకిందులుగా పెట్టి మూడు చోట్ల చూడండి: పెడల్ ఇరుసు వెనకాల రెండు గొట్టాల మధ్య, సీటు కింద ఆ గొట్టాలని కలిపే అడ్డ ముక్క దగ్గర, ముందు ఫోర్కు మెడ కింద. చిటికెన వేలు దూరకపోతే మట్టి గడ్డ కట్టేది అక్కడే. ముందు గేర్లకి డీరైలర్ (చైనుని పక్కకి జరిపే ముక్క) ఉంటే దాని వెనక ఇంకా త్వరగా పేరుకుంటుంది. గడ్డిపోచలు కూడా కలిశాయంటే ఇక చేత్తో పీకితే తప్ప రాదు.

గోస్తనీ_గట్టు

మాస్టారూ, ఇప్పుడే చూశాను. పెడల్ ఇరుసు వెనకాల చిటికెన వేలు కష్టం మీద దూరింది. ముందు ఫోర్కులో మాత్రం చాలా చోటుంది. 2.6 వెనక పట్టదు, తేలిపోయింది.

గెడ్డవతల

సీతంపేట ఏజెన్సీలో పనిచేస్తున్నాను, అక్కడే తొక్కుతాను. ఉద్దానం అన్న చెప్పింది తప్పని కాదు, వాళ్ళ నేల వేరు. పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఇసుక పాలు ఎక్కువ. ఇసుకలో దిగబడకుండా పైన తేలాలి, దానికి వెడల్పే కావాలి. తాటిపూడి ఎర్రమట్టి అలా కాదు. పైన పలచగా ఒక పొర మాత్రమే నాని జారుడుగా ఉంటుంది, దాని కింద గట్టి నేల ఉంటుంది. అక్కడ టైరు తేలకూడదు, ఆ పొరని గుచ్చుకుని కింద నేలని పట్టుకోవాలి. లావు టైరు వేస్తే బరువు ఎక్కువ వెడల్పున పరుచుకుని పైపైనే జారుతుంది.

అందుకే బురద టైర్లు చాలావరకు కాస్త సన్నగా, బుడిపెలు పొడుగ్గా, దూరందూరంగా ఉంటాయి. దమ్ము పట్టే ట్రాక్టరుకి వేసే కేజీ వీల్స్ (ఇనప పట్టీల చక్రాలు) చూడండి. పట్టీల మధ్య ఖాళీ ఉంటేనే మట్టి రాలిపోతుంది.

ఉద్దానం_రైడర్

ఒప్పుకుంటాను, మాది ఇసుకే. తిత్లీ తుఫాను తర్వాత మళ్ళీ వేసిన జీడి మొక్కలు ఇప్పుడు గుబురెక్కాయి, కింద నీడకి నేల ఆరడం లేదు. అయినా బంకలా పట్టదు. కానీ వెడల్పు ఒక్కటే కాదు, గాలి తగ్గించడం కూడా అంతే ముఖ్యం అని నా మాట. అది ఏ నేలకైనా వర్తిస్తుంది.

మహేంద్రతనయ

సన్న టైరే మేలు. సైక్లోక్రాస్ (బురద, గడ్డి బాటల సైకిల్ పందెం) పోటీల్లో యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) రూలు ప్రకారం 33 మిల్లీమీటర్లకి మించిన టైరు వాడకూడదు. వాళ్ళు ఆ టైర్లతోనే మోకాలి లోతు బురదలో పోతుంటారు.

బొబ్బిలి_చువ్వ

@మహేంద్రతనయ పోతుంటారు, సగం దూరం సైకిల్ భుజాన వేసుకుని పరిగెడుతూ 😄 గోస్తనీ గారు ఆ ప్రాక్టీసు ఇప్పటికే మొదలెట్టేశారు.

మహేంద్రతనయ

అది ఆ ఆటలో భాగం అన్నా! దిగి పరిగెత్తడానికని కావాలనే అడ్డంకులు పెడతారు. నా పాయింటు వేరు. సన్న టైరు చుట్టూ సందు ఎక్కువ మిగులుతుంది కాబట్టి మట్టి ఇరుక్కోదు.

నాగావళి29

అసలు పేర్లు చెప్పండి ఎవరైనా. థియరీ బాగుంది, కొనేదేంటి?

పంపు_మాస్టారు

చెబుతాను. బురద కోసమే చేసినవి కొన్ని ఉన్నాయి. మాక్సిస్ కంపెనీలో వెట్ స్క్రీమ్, ష్వాల్బే కంపెనీలో డర్టీ డాన్, పొడుగాటి మేకుల్లాంటి బుడిపెలు. మెత్తటి, లోతు బురదలో వీటిని మించినవి లేవు. కానీ ఎస్.కోట చేరడానికి ముందు తారు రోడ్డు మీద ఎంత దూరం పోవాలి? తారు మీద ఆ మేకులు వంగుతూ, రొద చేస్తూ, కాలి శక్తినంతా లాగేస్తాయి. త్వరగా అరిగిపోతాయి కూడా. తడి బండ మీద అయితే పొడుగు బుడిపె పక్కకి మడతపడి జారుతుంది. మన దగ్గర రోడ్డు, రాయి, బురద అన్నీ ఒకే దారిలో వస్తాయి. నేనైతే వీటి జోలికి పోను.

మధ్యరకం ఉన్నాయి. మాక్సిస్ షార్టీ, ష్వాల్బే మ్యాజిక్ మేరీ. బుడిపెలు పెద్దవి, ఎడం ఎక్కువ, రాతి మీదా ఫరవాలేదు. వెనక మీకు పట్టవు గానీ ముందు పడతాయి. ఇంకాస్త తేలిగ్గా తిరిగేవి కావాలంటే ష్వాల్బే నాబీ నిక్, కాంటినెంటల్ మౌంటెన్ కింగ్. ఏడాది పొడుగునా ఒకే టైరు మీద నడిపించే వాళ్ళకి ఇవే నయం.

ఒకటి గుర్తు పెట్టుకోండి. ఒకే పేరుతో నాలుగైదు రకాల రబ్బర్లు అమ్ముతారు. ఆన్‌లైన్లో చవగ్గా కనబడేది చాలాసార్లు గట్టి రబ్బరు, వైరు బీడు (అంచులో ఇనప తీగ) ఉన్న రకం. బొమ్మ ఒకటే, సరుకు వేరు.

గెడ్డవతల

మాస్టారు చివర్లో చెప్పిన రబ్బరు విషయం ఇంకా గట్టిగా చెప్పాలి. ఆడలి వ్యూ పాయింటు దారిలో, మెట్టుగూడ జలపాతం చుట్టుపక్కల వానాకాలం రాళ్ళన్నీ పాచి పట్టి ఉంటాయి, అడ్డంగా చెట్ల వేళ్ళు. పాచి రాయిలోకి బుడిపె గుచ్చుకోదు కదా. అక్కడ పట్టు ఇచ్చేది రబ్బరు మెత్తదనమే. షాపులో టైరు చేతికిస్తే అంచు బుడిపెని బొటనవేలి గోరుతో నొక్కి చూడండి. మెత్తటి రబ్బరు గోరుకి లొంగి నెమ్మదిగా మళ్ళీ పైకి లేస్తుంది. గట్టిది అసలు లొంగదు. ష్వాల్బే వాటి మీద రంగు గీత ఉంటుంది. ఆడిక్స్ అనే వాళ్ళ రబ్బరులో నారింజ గీత ఉంటే సాఫ్ట్, నీలం గీత స్పీడ్‌గ్రిప్, ఎర్ర గీత స్పీడ్. మాక్సిస్‌లో మాక్స్‌గ్రిప్ అన్నిటికన్నా మెత్తనిది, మాక్స్‌టెర్రా మధ్యరకం.

మెత్తటిది త్వరగా అరుగుతుంది, నిజమే. అందుకే ముందు చక్రానికి మెత్తటిది, వెనక్కి గట్టిది వేసుకోవాలి.

నాగావళి29

ముందుకే ఎందుకు? తొక్కే బలమంతా వెనక చక్రానికి కదా పోయేది? ఎక్కుడులో వెనక చక్రం గిరగిరా తిరిగితే ముందు టైరు ఎంత మంచిదైతే ఏం లాభం?

గెడ్డవతల

తమ్ముడూ, ఎక్కుడులో వెనక చక్రం జారితే కాలు కింద పెట్టి దిగుతావు, అంతే. దిగుడులో వెనక జారినా నడుముతో సర్దుకోవచ్చు. ముందు చక్రం జారితే సర్దుకునే టైమే ఉండదు, మోచేతులు మట్టిలో ఉంటాయి. గోస్తనీ గారి మొదటి ఫిర్యాదు కూడా అదే. డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ముందు టైరు మీదే పెట్టాలి.

బొబ్బిలి_చువ్వ

+1. కావాలంటే నా మోచేతిని అడగండి, అదీ ఇదే చెబుతుంది.

మెట్టపొలం

నేను సైకిల్ పోటీల మనిషిని కాదు. గజపతినగరం దగ్గర వ్యవసాయం, ఊళ్ళో పనులకి గేరు సైకిల్ వాడతాను. టైర్ల మాట మీరు చూసుకోండి, నేను ఒక్క మాట చెబుతాను. గోస్తనీ గారూ, పొలాల మధ్య బాట అన్నారు. అది బండ్ల బాటా, లేక గట్టా?

ఉడుపులకి ముందు గట్లు చెక్కి, బురద ఎత్తి పూస్తాం. అది ఆరి గట్టిపడేదాకా దాని మీద నడవడమే జాగ్రత్తగా నడుస్తాం. ఆ పచ్చి గట్టు మీద సైకిల్ పోతే టైరు చీల్చిన గాడి లోంచి నీళ్ళు పక్క మడిలోకి జారతాయి. పొద్దున్న చూసేసరికి పై మడి ఖాళీ. వేసిన ఎరువు కూడా ఆ నీళ్ళతోనే పోతుంది. మీరు చెప్పిన పొడుగు బుడిపెల టైరు అయితే ఇంకా లోతుగా కోస్తుంది. ఆషాఢ శ్రావణాల్లో గట్ల మీదికి రావద్దు, అంతే నా మనవి.

గోస్తనీ_గట్టు

అది బండ్ల బాటేనండీ, ట్రాక్టర్లు తిరిగేది. గట్ల మీదికి పోను. మీరు చెప్పినది మా గ్రూపులో అందరికీ పంపిస్తాను, చాలామందికి ఇది తెలియదు.

పంపు_మాస్టారు

@మెట్టపొలం గారు, మీలాంటివాళ్ళు రాయడం మంచిది. పాఠశాల పిల్లలు కొత్తగా కొన్న సైకిళ్ళతో గట్లెక్కేస్తున్నారు. వాళ్ళకి చెప్పాల్సింది మనమే.

మహేంద్రతనయ

ట్రాక్టర్ల బాట అంటేనే అసలు సమస్య. దమ్ము అయ్యాక కేజీ వీల్స్‌తో అలాగే బాట మీదికి వచ్చేస్తారు. రెండు పక్కలా గాళ్ళు, గాళ్ళ నిండా పొలం నుంచి వచ్చిన బంకమన్ను. అది ఎర్రమట్టి కాదు. దానికి ఏ టైరూ పనికిరాదు, షార్టీ అయినా సరే. మధ్యలో గడ్డి ఉన్న చోటు పట్టుకుని పోవాలి.

గెడ్డవతల

ఇంకో సంగతి. బంకమన్ను బాగా పలచగా ఉన్నప్పుడు అంటదు, నీళ్ళతో పాటు ఎగిరిపోతుంది. వాన వెలిసి ఒక పూట ఎండ కాశాక సగం ఆరిన మట్టి ఉంటుంది చూడండి, అదే చక్రాన్ని కట్టేసేది. వాన పడుతుండగా తొక్కిన బాటలోనే మర్నాడు సాయంత్రం తొక్కలేకపోతాం. అలాంటి రోజు రామతీర్థం కొండ వైపో, కంకర రోడ్డు ఉన్న వైపో పోవడం మేలు. లేదంటే రెండు రోజులు ఆగాలి.

నాగావళి29

ఫ్రేముకి వంటనూనె రాస్తే మట్టి అంటదని ఎక్కడో చూశాను. నిజమేనా?

పంపు_మాస్టారు

కొంతసేపు పనిచేస్తుంది, పోటీల్లో కొందరు చేస్తారు. కానీ డిస్కు మీద ఒక్క చుక్క పడిందా, బ్రేకు పోయినట్టే. ప్యాడ్లు మార్చేదాకా కీచుమని అరుస్తూ ఉంటుంది, ఆగదు. మన దిగుళ్ళలో ఆ రిస్కు వద్దు. దాని బదులు బ్యాగులో పాత టూత్‌బ్రష్షో, వెదురు పుల్లో పెట్టుకోండి. మట్టి గడ్డ కట్టగానే ఆగి గీకేస్తే సరి. ఇంటికొచ్చాక నీళ్ళు మామూలు పైపుతో పొయ్యండి. కారు వాషింగ్ ప్రెషర్ గన్ను హబ్బుల మీదా, పెడల్ ఇరుసు మీదా కొట్టిస్తే లోపలి గ్రీజు పోయి బేరింగులు పాడవుతాయి.

ఉద్దానం_రైడర్

ట్యూబ్‌లెస్ సంగతి ఎవరూ చెప్పలేదు. చేయించండి గోస్తనీ గారూ. ట్యూబుతో గాలి బాగా తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి రెండు బెజ్జాలు పడతాయి. ట్యూబ్‌లెస్‌లో ఆ భయం లేకుండా ఇంకా తక్కువ గాలితో పోవచ్చు. పైగా పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు. ముల్లు దిగినా లోపల పోసే సీలెంటు (జిగురు ద్రవం) బెజ్జాన్ని కప్పేస్తుంది.

బొబ్బిలి_చువ్వ

నేను ఒప్పుకోను. ఎనిమిది వేలలో రిమ్ టేపు, వాల్వులు, సీలెంటు, ట్యూబ్‌లెస్ రెడీ టైర్లు అన్నీ రావు. రిమ్ము కూడా దానికి తగ్గది కావాలి. మన ఎండలకి సీలెంటు రెండు మూడు నెలలకే ఎండిపోతుంది, మళ్ళీ పొయ్యాలి. కొండ మీద టైరు పక్కగోడ చిరిగితే ఎలాగూ ట్యూబే వెయ్యాలి, లోపలున్న జిగురంతా చేతులకి పూసుకుంటూ. మా వైపు పంక్చర్ షాపుల్లో ట్యూబ్‌లెస్ సైకిల్ టైరు ముట్టుకునేవాళ్ళే తక్కువ.

పంపు_మాస్టారు

చువ్వ మాటే ఈ బడ్జెట్‌కి సరిపోతుంది. ముళ్ళ బాధ ఎక్కువగా ఉంటే ట్యూబులోనే సీలెంటు పొయ్యొచ్చు. మోటారు సైకిల్‌కి ఉండే రకం వాల్వు అయితే లోపలి పిన్ను ఊడదీసి పోస్తే చాలు. చిన్న ముళ్ళకి బాగానే ఆగుతుంది. తక్కువ గాలి విషయంలో ఉద్దానం చెప్పింది మాత్రం నిజమే, ట్యూబ్‌లెస్‌తో వచ్చే సుఖం ట్యూబుతో పూర్తిగా రాదు.

గోస్తనీ_గట్టు

నా బరువు 72 కిలోలు. ట్యూబుతో ఎంత గాలి పెట్టమంటారు? ఇప్పుడు ముందూ వెనకా 45 పీఎస్‌ఐ ఉంచుతున్నాను.

ఉద్దానం_రైడర్

45! జారకుండా ఎలా ఉంటుంది? ముందు 24, వెనక 27 పీఎస్‌ఐ చాలు.

గెడ్డవతల

మట్టి బాట వరకైతే 24 సరే. సీతంపేట లాంటి రాళ్ళలో ట్యూబుతో అంత తగ్గిస్తే బెజ్జం ఖాయం. ముందు 27, వెనక 31 దగ్గర మొదలుపెట్టి ప్రతిసారీ ఒకటి రెండు తగ్గించుకుంటూ రండి. రిమ్ము రాయికి తగిలిన చప్పుడు వినబడితే మళ్ళీ కాస్త పెంచండి. టైరు పక్కన రాసిన కనీస గాలి ఎంతో చూసుకోండి, దాని కిందికి పోవద్దు. బొటనవేలితో నొక్కి చూసి చెప్పే లెక్క పనికిరాదు, మీటరున్న పంపు కొనుక్కోండి.

మహేంద్రతనయ

ముందు కొత్త టైరు కొనకుండా ఇదే 2.1తో గాలి తగ్గించి ఒక వారం చూడమని నా సలహా. 45 నుంచి 28కి దింపితే తేడా మీకే తెలుస్తుంది. సగం సమస్య అక్కడే ఉండొచ్చు.

గోస్తనీ_గట్టు

అందరికీ థ్యాంక్స్. మహేంద్రతనయ గారన్నట్టు గాలి తగ్గించి నిన్న తాటిపూడి దాకా వెళ్ళాను. ముందు 28, వెనక 31. చదును బాటలో చాలా తేడా ఉంది, మలుపుల్లో ధైర్యం వచ్చింది. నిటారు దిగుడులో మాత్రం ఇంకా జారుతోంది. ఆగి చూస్తే ముందు టైరు బుడిపెల మధ్య ఖాళీలన్నీ ఎర్రమట్టితో పూడిపోయి నున్నటి చక్రంలా ఉంది. గాలితో అయ్యేది అయింది, మిగతాది టైరే అని అర్థమైంది. ముందుకి నాబీ నిక్ 2.35, నారింజ గీత ఉన్నది తీసుకుంటున్నాను. మ్యాజిక్ మేరీ కూడా చూశాను గానీ నేను రోడ్డు మీద పోయే దూరం ఎక్కువ.

పంపు_మాస్టారు

మంచి ఎంపిక. మీ వాడకానికి మేరీ కంటే ఇదే నయం.

నాగావళి29

నేను మేరీకే ఓటు వేస్తాను. నారింజ గీత నాబీ నిక్ రోడ్డు మీద ఎలాగూ అరుగుతుంది, అరిగేదేదో ఇంకా పట్టున్నది అరిగితే పోలా?

గెడ్డవతల

ఆయన వారమంతా తొక్కే దారి ఆయనకి తెలుసు కదా తమ్ముడూ. నాబీ నిక్ చాలు.

గోస్తనీ_గట్టు

ఇంకొక్కటి. వెనక ఇప్పుడే కొనను. ముందు నుంచి తీసిన పాత 2.1 వెనక టైరు కన్నా తక్కువ అరిగి ఉంది. దాన్ని వెనక్కి వెయ్యొచ్చా? బాణం గుర్తు ఏ వైపు ఉండాలి?

పంపు_మాస్టారు

వెయ్యండి. బాణం పక్కన రేర్ అని వేరే గుర్తు ఉంటే దాన్ని చూసి వెయ్యండి. లేకపోతే చక్రం తిరిగే వైపే. కొందరు బురద ఎక్కుళ్ళకి వెనక టైరు తిప్పి వేస్తారు, బుడిపె నిటారు అంచు తొక్కుడు వైపు వస్తుందని. మీ చిన్న బుడిపెల టైరుకి దాంతో పెద్ద తేడా రాదు. వేసేటప్పుడు టైరు లోపల వేళ్ళతో చుట్టూ తడిమి చూడండి, విరిగిన పల్లేరు ముల్లు ఏదైనా ఉంటే కొత్త ట్యూబు కూడా ఆ పూటే పోతుంది.